మేపుల్ బాడీ గిటారు: నాదం చెక్కదా, తీగదా?

1931లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో జార్జ్ బీచమ్ అనే సంగీతకారుడు కరెంటుతో పలికే గిటారుకు ఒక నమూనా చేయించాడు. చిన్న గుండ్రటి బాడీ, పొడుగాటి నెక్. చూడటానికి పెనంలా ఉండటంతో దానికి ‘ఫ్రైయింగ్ పాన్’ అన్న పేరు పడింది. ఆ నమూనా చెక్కతో చేసినది. మరుసటి ఏడాది అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి దాన్ని అమ్మకానికి తెచ్చినప్పుడు మాత్రం అల్యూమినియంతో పోత పోశారు. చెక్క పోయి లోహం వచ్చినా ఎలక్ట్రిక్ గిటారు ఎలక్ట్రిక్ గిటారులాగే పలికింది. చిక్కు వేరేచోట వచ్చింది. వేదిక మీది దీపాల వేడికి అల్యూమినియం సాగి, వాయిస్తుండగానే శ్రుతి జారిపోయేది.

ఇది జరిగి తొంభై ఏళ్లు దాటింది. ఇవాళ ఎలక్ట్రిక్ గిటారు కొందామని వెళ్తే మొదట వినిపించేది చెక్క పేరే. మేపుల్ బాడీ అయితే సౌండ్ బ్రైట్‌గా, పదునుగా ఉంటుందంటారు. మహాగని అయితే వార్మ్‌గా, నిండుగా ఉంటుందంటారు. ఆల్డర్ ఆ రెండింటికీ మధ్యలో అంటారు. కొడుక్కో కూతురికో మొదటి గిటారు కొనిపెట్టే తల్లిదండ్రులు ఆ మాట నమ్మి అదనంగా డబ్బు పెడుతుంటారు. ఈ మాటల్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే మేపుల్‌కు వచ్చిన పేరులో పెద్ద వాటా గిటారులోని వేరే భాగాలకు దక్కాల్సింది. మేపుల్ నిజంగా చేసే మేలు గురించి మాత్రం ఎవరూ అంతగా మాట్లాడరు.

ముందు చెక్కే గొంతుగా ఉన్న వాద్యాన్ని చూద్దాం. బొబ్బిలి వీణను పనస మ్రాను తొలిచి చేస్తారు. తీగ మీటితే ఆ కదలిక బ్రిడ్జి మీదుగా పైపలకకు చేరుతుంది, పలక కదిలి గాలిని కదిలిస్తుంది. మన చెవికి చేరేది ఆ పలక కదిలించిన గాలే. సన్నటి తీగ తనంతట తాను గాలిని పెద్దగా కదిలించలేదు. కాబట్టి పనస బదులు ఇంకో చెక్క వాడితే వీణ గొంతు మారుతుంది. చెక్క మందం మారినా మారుతుంది. వయొలిన్ కూడా అంతే. ఇటలీలోని క్రెమోనాలో స్ట్రాడివరి చేసిన వయొలిన్లకు పైపలక స్ప్రూస్‌ది, వెనక పలక మేపుల్‌ది. అక్కడ నాదాన్ని తీర్చిదిద్దడంలో మేపుల్‌కు నిజంగానే చేయి ఉంది. వాద్యాలు చేసేవాళ్ల దగ్గర ఈ చెక్కకున్న పరువు అలా సంపాదించుకున్నదే.

ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. తీగల కింద అమర్చిన పికప్‌లో ఒక శాశ్వత అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఈ చుట్లు సుమారు 8,000. పైన ఉన్న ఉక్కు తీగ అయస్కాంతం వల్ల తానూ కొంత అయస్కాంతమవుతుంది. దాన్ని మీటగానే అయస్కాంత క్షేత్రం అటూ ఇటూ మారుతుంది, ఆ మార్పుకు రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. ఆ చిన్న కరెంటును ఆంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకర్‌కు ఇస్తుంది. ఇందులో గాలి పాత్ర లేదు. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు, చెక్క ఊగడాన్ని నేరుగా చూడదు. తన ఎదుట ఉన్న ఉక్కు తీగ కదలికను మాత్రమే పట్టుకుంటుంది. నైలాన్ తీగలు బిగించి చూడండి, ఎంత మంచి మేపుల్ గిటారైనా ఆంప్ నోరు విప్పదు.

అలాంటప్పుడు చెక్కకు ఇందులో చోటెక్కడ? తీగ ఎలా కదులుతుంది, ఎంతసేపు కదులుతుంది అన్నదాంట్లో ఉంది. నేలలో గట్టిగా పాతిన గుంజకు తాడు కట్టి విదిలిస్తే తాడులో పుట్టిన అల గుంజను తాకి తిరిగొస్తుంది. గుంజ వదులుగా ఉంటే అదీ కాస్త ఊగి అలలోని బలాన్ని కొంత తాగేస్తుంది. గిటారు తీగకు రెండు గుంజలున్నాయి. ఒకటి బాడీ మీది బ్రిడ్జి, రెండోది నెక్ మీద వేలు నొక్కిన ఫ్రెట్. ఇవి ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఊగుతాయో దాన్నిబట్టి తీగలోని ఏ స్వరాంశం త్వరగా అణగిపోతుంది, ఏది నిలుస్తుంది అన్నది తేలుతుంది. పికప్ బాడీకే బిగించి ఉంటుంది కాబట్టి బాడీ ఊగితే పికప్ కూడా తీగకు ఎదురుగా ఆ మేరకు కదులుతుంది. చెక్క ప్రభావం ఎంత ఉన్నా ఈ దారుల్లోనే రావాలి.

ఇప్పుడు మేపుల్ సంగతి. మేపుల్ అంటే ఒకే చెట్టు కాదు. మేపుల్ సిరప్ ఇచ్చే షుగర్ మేపుల్ చెక్కను హార్డ్ మేపుల్ అంటారు. అది ఘనమీటరుకు దాదాపు 700 కిలోలు తూగుతుంది. అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే బిగ్‌లీఫ్ మేపుల్ 550 కిలోల లోపే ఉంటుంది, గట్టిదనమూ బాగా తక్కువ. గిటార్ల మీద అలల్లా మెరిసే పలకల్లో ఈ రెండో రకానివీ ఉంటాయి. మహాగని 590 ప్రాంతంలో, ఆల్డర్ 450 ప్రాంతంలో, తక్కువ ధర గిటార్లలో కనిపించే బాస్‌వుడ్ 415 ప్రాంతంలో ఉంటాయి. అంటే ‘మేపుల్’ అన్న పేరున్న ముక్క మహాగని కన్నా తేలికది కావచ్చు, చాలా బరువైనదీ కావచ్చు. చెక్క పేరు చెప్పి సౌండ్ చెప్పేయడంలోని మొదటి లోపం ఇదే.

స్ట్రాటోకాస్టర్ ఆకారపు బాడీకి సుమారు నాలుగు లీటర్ల చెక్క పడుతుందనుకుంటే, ఆల్డర్‌తో చేసినది 1.8 కిలోలు, హార్డ్ మేపుల్‌తో చేసినది 2.8 కిలోలు తూగుతుంది. తేడా ఒక కిలో. రెండు గంటలు నిలబడి వాయించేవాడి భుజానికి అది బాగా తెలుస్తుంది. కానీ తీగకు అంతగా తెలియదు. ఒక్కో తీగ బరువు కొద్ది గ్రాములే. నాలుగున్నర సెంటీమీటర్ల మందమున్న గట్టి దుంగ ఏ చెక్కదైనా దాని ముందు కొండే. బ్రిడ్జి వైపు తీగ నుంచి బాడీలోకి పోయే శక్తి మామూలుగానే చాలా తక్కువ. తక్కువలో ఇంకాస్త తక్కువ చేయడమే మేపుల్ చేయగలిగింది.

నెక్ వైపు కథ అలా ఉండదు. అది పొడుగ్గా, సన్నగా ఉండి ఒక కొసను గాలిలో వదిలేసిన కర్ర. అది బాగా ఊగుతుంది. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్, టిల్మాన్ జ్వికర్ 1990ల చివర్లో ఎలక్ట్రిక్ గిటార్ల మీద కొలతలు తీసి తేల్చింది కూడా ఇదే. తీగ శక్తిని లాగేసేది ఎక్కువగా నెక్ వైపు కదలికే, బ్రిడ్జి వైపుది కాదు. నెక్ సహజంగా ఊగే పౌనఃపున్యమూ, మనం వాయించే స్వరమూ ఒకటైతే ఆ స్వరం పుట్టీ పుట్టకముందే చచ్చిపోతుంది. దీన్నే డెడ్ స్పాట్ అంటారు. బేస్ గిటార్లలో జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల ప్రాంతంలో ఇది ఎక్కువగా దొరుకుతుంది. మీ దగ్గర ఎలక్ట్రిక్ గిటారుంటే ఆంప్ లేకుండా ఒక తీగ మీటి, నెక్ కొసనున్న హెడ్‌స్టాక్‌ను చెక్క బీరువాకు గానీ తలుపుకు గానీ ఆనించి వినండి. శబ్దం ఒక్కసారిగా పెద్దదవుతుంది. తీగలోని శక్తి నెక్ గుండా బీరువాలోకి పోయి గదిలో వినిపించడమే అది. చెక్క గుండా శక్తి పోవడమంటే ఏమిటో చెవికి తెలియడానికి ఇంతకన్నా తేలికైన ప్రయోగం లేదు.

అయినా ‘మేపుల్ అంటే బ్రైట్’ అన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 1950లో లియో ఫెండర్ లోపల బోలు లేని సాలిడ్‌బాడీ గిటార్లను మార్కెట్లోకి తెచ్చాడు. నెక్ మొత్తం ఒకే మేపుల్ ముక్క. బ్రిడ్జి నుంచి నెక్ చివరనున్న నట్ దాకా 648 మిల్లీమీటర్ల పొడవు, ఒంటి చుట్ట పికప్‌లు. రెండేళ్లకు గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటారు తెచ్చింది. మహాగని బాడీ, మహాగని నెక్, తీగ పొడవు రెండు సెంటీమీటర్లు తక్కువ. 1957 నుంచి సెత్ లవర్ రూపొందించిన జంట చుట్టల హంబకర్ పికప్‌లు వచ్చాయి. మొదటిది గలగలమంది, రెండోది నిండుగా పలికింది. విన్నవాళ్లు కంటికి కనిపించే తేడాకు, అంటే చెక్కకు, ఆ ఘనత ఇచ్చేశారు. అదే లెస్ పాల్ బాడీ పైభాగం మేపుల్ పలకేనన్న సంగతి ఈ లెక్కలో ఎవరికీ గుర్తు రాదు.

నిజానికి బ్రైట్‌నెస్‌ను నిర్ణయించేది ముందుగా పికప్పే. రాగి చుట్టకు తనదైన ఒక అనునాద స్థానం ఉంటుంది. ఆ ప్రాంతపు స్వరాంశాలను అది ఎత్తి చూపిస్తుంది, దానికి పైనున్నవాటిని కోసేస్తుంది. మామూలు పొడవు కేబుల్ తగిలిస్తే ఒంటి చుట్ట పికప్‌కు ఇది 4,500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. హంబకర్‌కు 3,500కు దిగువన పడుతుంది. మన చెవి చాలా సున్నితంగా వినే ప్రాంతం కూడా అదే. ఈ తేడా ముందు బాడీ చెక్క తెచ్చే తేడా చాలా చిన్నది. మూడు మీటర్ల కేబుల్ తీసి పది మీటర్లది పెడితే అనునాద స్థానం కిందికి దిగి సౌండ్ మొద్దుబారుతుంది. పికప్‌ను తీగలకు రెండు మిల్లీమీటర్లు దగ్గరగా జరిపినా తేడా వినిపిస్తుంది. చెమటకు తుప్పు పట్టిన తీగలు తీసి కొత్తవి వేస్తే వచ్చే మెరుపును ఏ మేపుల్ పలకా ఇవ్వలేదు. మన ఎండల్లో వాయించేవాళ్లకు ఇది అనుభవమే.

రికెన్‌బాకర్ గిటార్ల గలగల గురించి కూడా ఇదే చెప్పాలి. ఆ కంపెనీ తర్వాతి కాలంలో బాడీలకు ఎక్కువగా మేపుల్‌నే వాడింది. 1964లో జార్జ్ హారిసన్ చేతికి వచ్చిన పన్నెండు తీగల 360/12తో బీటిల్స్ పాటలకు ఒక కొత్త మెరుపు వచ్చింది. మరుసటి ఏడాది బర్డ్స్ బృందంలో రోజర్ మెగ్విన్ ఆ మెరుపునే తన గుర్తుగా చేసుకున్నాడు. అది మేపుల్ గొంతేనని అభిమానులు గట్టిగా నమ్ముతారు. అక్కడ ఇంకేమేం ఉన్నాయో చూడండి. ఒకటి కింది స్థాయిలోనూ మరొకటి పై స్థాయిలోనూ పలికే జంట తీగలు, ‘టోస్టర్’ అని పిలిచే తక్కువ పవర్ పికప్‌లు, మెగ్విన్ రికార్డింగుల్లో నాదాన్ని గట్టిగా నొక్కి పట్టిన కంప్రెసర్లు. ఇవన్నీ పక్కన పెడితే మేపుల్ వాటాకు మిగిలేది కొంచెమే.

గిటారు కోసం ప్రత్యేకంగా ఎంచిన చెక్క లేని వాద్యాలూ సాక్ష్యం చెబుతాయి. 1950ల డానెలెక్ట్రోలు చెక్క చట్రం మీద మేసొనైట్ అనే నొక్కుడు అట్టను అతికించి చేసినవి. లెడ్ జెపెలిన్ జిమ్మీ పేజ్ వేదిక మీద వాడిన గిటార్లలో డానెలెక్ట్రో ఒకటి. 1969లో ఆంపెగ్ కంపెనీ, డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి పారదర్శకమైన యాక్రిలిక్ బాడీతో గిటారు చేస్తే రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ దాన్ని ఆ ఏడాది కచేరీల్లో వాయించాడు. క్వీన్ బృందం బ్రయాన్ మే కుర్రవాడిగా ఉన్నప్పుడు తండ్రితో కలిసి పాత నిప్పుగూడు అంచు చెక్కతో నెక్ చెక్కి, పాత బల్ల ముక్కలతో బాడీ అతికి ‘రెడ్ స్పెషల్’ చేసుకున్నాడు. ఆ నాదాన్ని ప్రపంచం గుర్తుపడుతుంది. కొన్నేళ్ల కిందట నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ రెండు బల్లల మధ్య తీగలు బిగించి, పికప్‌ను సరైన చోట అమర్చి, అసలు బాడీయే లేకుండా వాయించి వినిపించాడు. మంచి గిటారు పక్కన పెట్టి విన్నా తేడా పట్టుకోవడం కష్టమైంది.

దీన్నిబట్టి చెక్కకు విలువ సున్నా అనడం తొందరపాటు. పోలండ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మిగతావన్నీ అలాగే ఉంచి చెక్కను మాత్రమే మార్చి చూశారు. వినేవాళ్లు పట్టుకోగలిగేంత తేడా ఉందని తేల్చారు. నేను దీన్ని కొట్టిపారేయను. తేడా ఉంది. అయితే అది ఆ ముక్క బిగువు, బరువు, పోగుల తీరు బట్టి వచ్చేది. ‘మేపుల్’ అన్న చీటీ చూసి అది ఎటు వస్తుందో ముందే చెప్పలేం. ఆంప్‌లో ట్రెబుల్ నాబ్‌ను కొంచెం తిప్పితే దాన్ని మించిన తేడా వస్తుంది.

మేపుల్ అసలు బలం దాని బిగువులో ఉంది. ఒక మామూలు తీగల సెట్టును శ్రుతి చేస్తే నెక్ మీద పడే లాగుడు మొత్తం 45 కిలోలకు పైమాట. ఏళ్ల తరబడి ఆ లాగుడుకు వంగకుండా నిలబడటానికి హార్డ్ మేపుల్ మంచి చెక్క. అది ఎంత గట్టిదంటే 1950 నాటి మొదటి ఎస్క్వయర్ గిటార్ల నెక్‌లో ఉక్కు కడ్డీ అక్కర్లేదనే లియో ఫెండర్ అనుకున్నాడు. కొద్దికాలానికే కడ్డీ పెట్టక తప్పలేదు. డెడ్ స్పాట్‌లు పుట్టేది నెక్‌లోనే కాబట్టి నెక్‌కు మేపుల్ వాడటంలో అర్థం ఉంది. లెస్ పాల్‌లో మహాగని మీద మేపుల్ పలక పెట్టడం కూడా తెలివైన పనే. మొత్తం మేపుల్ అయితే బరువు మోయలేం, కాస్త పలక అయితే బిగువూ అందమూ రెండూ వస్తాయి.

1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 మేపుల్ బాడీకి ఇంకా మంచి ఉదాహరణ. లోపల బోలుగా ఉన్న గిటార్లను ఆంప్ దగ్గర గట్టిగా వాయిస్తే స్పీకర్ శబ్దానికి పలక ఊగి, ఆ ఊపు తీగకు, తీగ నుంచి పికప్‌కు, మళ్లీ స్పీకర్‌కు చేరి కీచుమంటూ ఫీడ్‌బ్యాక్ పుడుతుంది. ఈఎస్-335లో రెండు పక్కలా బోలుగా వదిలి, మధ్యలో నిలువునా ఒక మేపుల్ దిమ్మె నింపారు. పైపలకలు కూడా మేపుల్ పొరలు కలిపి అతికినవే. బ్రిడ్జి, పికప్‌లు ఆ దిమ్మె మీదే కూర్చుంటాయి. బోలు గిటారు పలుకు కొంత మిగిలింది, ఫీడ్‌బ్యాక్ బాగా తగ్గింది. మేపుల్ బాడీ నాదం మీద ప్రభావం చూపడమంటే నా దృష్టిలో ఇదీ.

సాగే నాదం ఎందుకంత విలువైనదో కర్ణాటక సంగీతం వినే మనకు వేరే చెప్పక్కర్లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నది అందుకే. మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు, మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. గమకం పూర్తయ్యేదాకా నిలవదు. ఆయన ఒంటి తీగలు అయిదు పెట్టించుకుని, పికప్, ఆంప్ సాయంతో స్వరాన్ని సాగదీసి మాండలిన్‌ను కచేరీ వాద్యం చేశారు. తీగ శక్తిని చెక్కకు వదలకుండా నిలిపి, పికప్‌తో పట్టుకోవడమన్న సూత్రమే అక్కడా పనిచేసింది.

మేపుల్ గిటారు కొనాలనుకునే మన వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. తేమకు మేపుల్ ఎక్కువగా స్పందిస్తుంది. పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి హార్డ్ మేపుల్ వెడల్పులో దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. మహాగని అందులో సగం కూడా కుంచించుకోదు. పైన పూత సరిగా లేని మేపుల్ నెక్ విశాఖపట్నంలోనో కాకినాడలోనో వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా వంగవచ్చు. కాబట్టి నెక్ పూత చూడండి. వేడిలో కాల్చి తేమ తీసేసిన రోస్టెడ్ మేపుల్ నెక్ దొరికితే ఇంకా మంచిది. ‘ఫ్లేమ్ మేపుల్ టాప్’ అని రాసి ఉన్నప్పుడు అది నిజమైన పలకా, మిల్లీమీటరు కూడా లేని పొరా, లేక చెక్క బొమ్మను అచ్చువేసిన కాగితమా అని అడగండి. తక్కువ ధర గిటార్లలో చివరి రెండూ మామూలే. అలల మెరుపు కంటికి అందం, దాన్ని ఇష్టపడి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. సౌండ్ కోసమని మాత్రం దానికి డబ్బు పెట్టకండి. ముందు గిటారును ఒక అనుభవజ్ఞుడితో సెటప్ చేయించండి, కొత్త తీగలు వేయించండి. తర్వాత పికప్‌లు, ఆంప్ సంగతి చూడండి. బాడీ చెక్క దాకా వచ్చేసరికి, ఆ బరువు మీ భుజానికి సరిపోతుందా లేదా అన్నది చూసుకుంటే చాలు.